తువాల

మాది వరంగల్. స్పెయిన్ నుంచి తడ దగ్గరి ఫ్యాక్టరీలో మెషిన్లు బిగించడానికి వచ్చిన ఎలేనాకు దుబాసీగా వెళ్లాను. నేను పక్కన లేకపోతే మంచినీళ్లడగడం కూడా ఆమెకు వీలయ్యేది కాదు. ఆ పరాధీనత భరించలేక, తిరుగు టికెట్ చూడమని నన్నే అడుగుతుండేది. అటూ ఇటూ మాటలు మోసే నాకు పళ్లెంలో అన్నం రోజూ చల్లారిపోయేది.

ఒక ఆదివారం పులికాట్ సరస్సులో పడవెక్కితే నడిమధ్యలో వాన పట్టుకుంది. ఒడ్డుకు చేరేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. పడవాయన భార్య రమణమ్మ మమ్మల్ని ఇంట్లోకి పిలిచింది. "ఉండండి, తువాల తెస్తా."

"తోఆయా?" అంది ఎలేనా, తల తుడుచుకుంటున్నట్టు చెయ్యి ఆడిస్తూ.

రమణమ్మ ఆగిపోయింది. "ఈయమ్మకు తెలుగు వస్తాదా?"

"లేదక్కా. తువాలను వీళ్లు అట్లాగే అంటారు. మనకు ఆ మాట ఓడల మీద వచ్చిన పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చిందంటారు. వాళ్ల భాషా ఈమె భాషా అక్కచెల్లెళ్లు. ఇంగ్లీషువాళ్ల టవలూ ఆ ఇంటిదే."

రమణమ్మ తువాల తెచ్చి, ఎలేనా తల తనే తుడిచింది. "అట్లయితే సుట్టమే గదా. సేపల పులుసుండాది, తినిపొమ్మని సెప్పు."

నేను నోరు తెరిచేలోపే ఎలేనా నన్ను ఆగమంది. పొయ్యి మీది గిన్నె చూపించి, ఏమిటన్నట్టు రమణమ్మ వైపు చూసింది.

"పులుసు."

"పులుసూ," అంది ఎలేనా.

ఆ తర్వాత ఉప్పు, గరిటె, పిల్లి. టికెట్ మాట మళ్లీ రాలేదు. ఆ పూట నా అన్నం చల్లారలేదు.