తప్పలేదండీ, తగ్గింది

ఆ రోజుల్లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లకి భయపడడం కూడా డ్యూటీలో భాగమేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఎనభైల మొదట్లో, ఇరవయ్యొక్కేళ్ళ వయసులో, గోదావరి వైనతేయ పాయకి అవతలున్న ఒక లంక ఊరి ఎలిమెంటరీ స్కూలుకి నన్ను పంతులమ్మగా వేశారు. ఆర్డరు కాగితం రాగానే రాజోలు దగ్గర మా ఇంట్లో వాళ్ళందరూ చర్చికి వెళ్ళి దేవుడికి స్తోత్రం చెప్పుకుంటే, నేను మాత్రం ఆ ఊరికి వంతెన ఉందా అని వాకబు చేశాను. లేదు. పడవే దిక్కు. నాకేమో ఈత రాదు. నూతిలో చేద వేసేటప్పుడు కూడా లోపలికి చూసేదాన్ని కాదు. అలాంటిదాన్ని రోజూ పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి గోదావరి దాటాలి. ఇది కాక హెడ్మాస్టరుగారి దగ్గు వింటే భయం, తనిఖీకి ఎప్పుడొస్తారో తెలియని పై అధికారులంటే భయం, ఐదో తరగతి పిల్లలు నాకు రాని లెక్క అడుగుతారేమోనని భయం. (ఈ ఆఖరిది ఎవరికీ చెప్పేదాన్ని కాదు.)

పడవ నడిపే ఆయన్ని ఊరంతా మూగ సరంగు అనేవారు. నిజానికి ఆయన మూగవారేం కాదు, మాట్లాడవలసిన అవసరం ఆయనకి కనిపించేది కాదు, అంతే. తాడిచెట్టంత మనిషి, మెలితిరిగిన చేతులు, ఎర్రటి కళ్ళు. నేను ఎక్కితే ఒక చూపు, దిగితే ఒక చూపు. పది నెలల్లో నాతో ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకు నదికన్నా లోతుగా అనిపించేది. ఆయన కూతురు నా దగ్గరే ఐదో తరగతి చదివేది. అందరూ చిట్టి అని పిలిచేవారు. తెలుగు గడగడా చదివేది, పద్యాలు చెప్పేది, కానీ భిన్నాలు కనిపిస్తే చాలు, పలక మీద ఉమ్ము వేసి చెరిపేసి కూర్చునేది.

ఏప్రిల్లో పెద్ద పరీక్షలయ్యాయి. లెక్కల్లో చిట్టికి ముప్పై రెండొచ్చాయి. ముప్పై అయిదొస్తేనే పాసు. మూడుసార్లు కూడి చూశాను, మూడుసార్లూ ముప్పై రెండే. ఏం చెయ్యమంటారని భయం భయంగా హెడ్మాస్టరుగార్ని అడిగితే, ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "వచ్చినవి వెయ్యడమే మన పనమ్మా. దానాలు, ధర్మాలు ఇంటి దగ్గర చేసుకోవాలి," అన్నారు. అంతే, చిట్టి ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్రసిరాతో "గణితము: తప్పినది" అని రాశాను. అక్కడితో ఆగినా బాగుండును. కొత్త కలం, కొత్త ఉద్యోగం. కింద స్కేలు పెట్టి రెండు గీతలు కూడా గీశాను. గీతలు ఎంత తిన్నగా వచ్చాయో అని ఓసారి దూరంగా పెట్టి చూసుకుని మురిశాను కూడా. అది ఎవరి కూతురి కార్డో, రేపు పొద్దున్న నేను ఎవరి పడవ ఎక్కాలో నాకు ఇంటికి వెళ్ళి చెయ్యి కడుక్కుని కంచం ముందు కూర్చున్నాకగానీ గుర్తుకు రాలేదు. ముద్ద దిగలేదు.

మర్నాడు రేవుకి వెళ్తే పడవలో ఇంకెవరూ లేరు. (లంకలో ఎవరిదో పెళ్ళట, జనమంతా ముందు పడవకే దాటిపోయారు.) వెనక్కి తిరిగిపోదామా అంటే సెలవు చీటీ రాయలేదు. హెడ్మాస్టరుగారి భయం ఒక పక్క, సరంగుగారి భయం ఒక పక్క. హెడ్మాస్టరుగారి భయమే కాస్త ఎక్కువ తూగింది, ఎక్కేశాను. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో క్యారేజీ, వీలైతే మూడో చేత్తో పడవ అంచు పట్టుకుందును. సరిగ్గా నడి గోదాట్లో ఆయన గెడకర్ర వెయ్యడం ఆపేశారు. పడవ నెమ్మదిగా పక్కకి తిరిగింది.

"టీచరుగారండీ," అన్నారు.

పది నెలల్లో మొదటి మాట. "ఆయ్," అన్నాను. అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.

"మా పిల్ల నిన్న కాణ్ణించీ అన్నం ముట్టలేదండి. తప్పిందని రాసేరంట గదండి. మా అమ్మ ఆ మాటిని, తప్పు చేసిన పిల్లకి ఇంకా బడేంటి, చేపలెండేసే పనికి పంపించెయ్యమని కూకుందండి. అదేమో, తప్పు చేసేనేమోనని ఏడుత్తందండి."

చిన్నప్పట్నించీ నేర్చుకున్న ప్రార్థనలన్నీ నా బుర్రలో ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి, ఒక్కటీ పూర్తిగా బయటికి రాలేదు. బయటికొచ్చిందల్లా ఇదీ: "పాసు చేసేస్తానండీ! ఇవాళే చేసేస్తాను! ఎన్ని మార్కులు కావాలంటే అన్ని వేసేస్తానండీ!" నిన్న రెండు గీతలు గీసిన చెయ్యే ఇవాళ ఆయనకి దణ్ణం కూడా పెట్టింది, క్యారేజీతో సహా.

ఆయన మొహం చిట్లించారు. "మార్కులెవరడిగేరండీ?" అని గెడ తీసి గట్టిగా ఒక్క పోటు పొడిచారు. పడవ ముందుకు దూసుకుపోయింది. కాసేపటికి అవతలి రేవు, రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు కనిపించారు. హమ్మయ్య అనుకునేంతలో అడుగున కరకరమని చప్పుడై పడవ నిలిచిపోయింది. చిల్లు పడిందనుకున్నాను. సరంగుగారు గెడ పక్కన పడేసి గభాల్న నీళ్ళలోకి దూకేశారు. ఇంక అయిపోయిందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మునగడానికి ఎంతసేపు పడుతుందో తెలియదు కదా, కాసేపు ఆగి చూశాను. ఏమీ కాలేదు. ఒక కన్ను తెరిస్తే, ఆయన పడవ పక్కనే నిలబడి ఉన్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి.

"ఇసక తిప్ప ఎక్కేసిందండి. వేసంకాలం కదా, నీరు లాగేసింది," అన్నారు. "ఇప్పుడు చెప్పండి టీచరుగారూ. పడవ రేవుకి చేరలేదు కదండీ. మునిగిపోయిందంటారా?"

"లేదండీ."

"మరేమంటారండీ?"

నేను రేవు వైపు చూశాను. మహా అయితే ముప్పై అడుగులుంటుంది. "కొంచెం... తగ్గిందండీ," అన్నాను.

"ఆయ్. అదేనండి. మునిగిందనుకోండి, పడవొదిలేసి ఈదుకుపోతాం. తగ్గిందనుకోండి, దిగి తోత్తాం. పిల్లకి మూడు తగ్గేయని రాయండి, తోసుకుంటాం. తప్పిందని రాసేత్తే, ఇంక వదిలెయ్యడమే కదండీ." ఆ మాటంటూ ఆయన నా వైపు చూడలేదు, పడవ అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. తర్వాత మామూలు గొంతుతో, "దిగండి మరి. బరువుంటే కదలదు," అన్నారు.

అలా నా జీవితంలో మొదటిసారి నేను గోదాట్లోకి దిగాను. చీర కుచ్చెళ్ళు నీళ్ళమీద తేలుతుంటే, గొడుగు చంకలో, క్యారేజీ నెత్తి మీద పెట్టుకుని, మిగిలిన ఒక్క చేత్తో పడవ తోశాను. (నేను తోయడం వల్లే కదిలిందని ఇప్పటికీ అనుకుంటాను.) ఇరవయ్యేళ్ళుగా ఆ పాయలో పడవ నడుపుతున్న మనిషి సరిగ్గా ఆ పూటే ఇసక తిప్ప మీదికి ఎందుకు ఎక్కించారో నేను అడగలేదు. అడిగే ధైర్యం ఎక్కడిది!

తడిసిన చీరతోనే హెడ్మాస్టరుగారి ముందు నిలబడి, కార్డు మీద మాట మారుస్తానని, సెలవుల్లో చిట్టికి నేనే చెప్పుకుంటానని, స్కూలు తెరిచాక మళ్ళీ పరీక్ష పెట్టమని అడిగాను. ఆయన రిజిస్టరు తన వైపు లాక్కుని, "పెట్టొచ్చు లెండి. ముందు మీరు కాస్త అవతలికి జరగండమ్మా, రిజిస్టరు మీద నీళ్ళు కారుతున్నాయి," అన్నారు. ఆ సాయంత్రం చిట్టి వాళ్ళ అరుగు మీద కూర్చుని, నా తిన్నని గీతల్ని నేనే కొట్టేసి, "మూడు మార్కులు తగ్గాయి" అని రాసిచ్చాను. చిట్టి దాన్ని రెండుసార్లు చదివి, "మీకెప్పుడైనా తగ్గేయాండీ?" అని అడిగింది. పదో తరగతి లెక్కల్లో మొదటిసారి నాకు ఇరవై తొమ్మిదే వచ్చాయని, నాన్నగారు వారం రోజులు మాట్లాడలేదని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. "ఆరు తగ్గాయి," అన్నాను. వాళ్ళ నాయనమ్మ లోపల్నించి, "ఆరా!" అంది. చిట్టి ఆ పూట అన్నం తింది.

ఆ వేసవంతా పడవలోనే బడి. కొబ్బరికాయని రెండు చెక్కలు, చెక్కని నాలుగు ముక్కలు చేసి భిన్నాలు చెప్పాను. లెక్క తప్పిన ముక్క నేను తినేదాన్ని, ఒప్పైంది చిట్టి తినేది. మొదటి వారంలో నాకు కడుపునొప్పి వచ్చింది, జూన్ నాటికి చిట్టికి వచ్చింది. జూన్‌లో పరీక్ష పెట్టారు. దిద్దడానికి నాకు చేతులాడక హెడ్మాస్టరుగారికే ఇచ్చేశాను. ఆయన తాపీగా దిద్ది, దగ్గి, "ముప్పై నాలుగమ్మా," అన్నారు.

ఆయన ముందు నోరెత్తని నేను, పేపరు ఇటు లాక్కుని చూశాను. ఆఖరి పేజీలో ఎర్ర గీత ఒక్కటి కూడా లేదు. ఆయన తిప్పనే లేదు. "అండీ... మీకు... ఒక పేజీ తగ్గిందండీ," అన్నాను. ఆయన నన్నూ, పేజీనీ మార్చి మార్చి చూసి, కళ్ళజోడు తుడుచుకుని, ఆ పేజీ కూడా దిద్దారు. ఇంకో పన్నెండు కలిశాయి. నలభై ఆరు.

ఆ సాయంత్రం రేవుకి దాదాపు పరుగెత్తాను. పడవ కదలగానే, "పాసండీ! నలభై ఆరండీ!" అన్నాను. సరంగుగారు గెడ వేస్తూనే ఉన్నారు. ఒక్క మంచి మాట అంటారేమోనని నది మొత్తం ఎదురుచూశాను. దిగబోతుంటే అప్పుడన్నారు: "అరవై తెత్తాదనుకున్నానండి. పద్నాలుగు తగ్గేయి."

ఇంటికెళ్ళేదాకా ఉడికిపోయాను. ఎండలో మాడి, కొబ్బరి తిని కడుపు పాడుచేసుకున్నందుకు ఇదా దక్కింది అని మా అమ్మతో చెప్పుకుని ఏడ్చాను కూడా. ఆ మనిషి గొంతులో ఆ పూట ఉన్నది గర్వమని ఆ పంతులమ్మకి అర్థం కాలేదు. అర్థం కావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది. నాకూ ఒక పిల్ల పుట్టి, లెక్కల్లో తొంభై రెండు తెచ్చుకుని కార్డు చేతిలో పెడితే, సంతోషంతో ఏమనాలో తెలియక నేనన్న మాట: "మిగతా ఎనిమిదీ ఏవే?"