కామేశ్వరరావు గారి గురువారం టీ

బాగా పనిచేస్తున్న వస్తువును చూస్తే కామేశ్వరరావు గారికి దిగులు. చెడిపోయినదాన్ని చూస్తే నిశ్చింత; అది ఇక కొత్తగా చెడేది లేదు కదా! బాగున్నదాని చుట్టూ మాత్రం రెండుసార్లు తిరిగి, గడ్డం గోక్కుని, "బానే ఉందనుకో. ఒకవేళ ఆగిపోతే?" అనేవారు.

బయటికెళ్తే రెండు గొడుగులు. చేతికి రెండు గడియారాలు. "పెళ్ళిచూపుల్లో నేను నచ్చాక, ఈ సంబంధం ఆగిపోతే ఎలా అని మా పెదనాన్న కూతురి గురించి వాకబు చేశారమ్మా ఈయన," అనేది భార్య శ్యామలాదేవి.

"ఆగలేదుగా!" అనేవారాయన, చిన్నబుచ్చుకుని.

ఇలాంటి మనిషికి దేవుడు సరిగ్గా ఇలాంటి ఉద్యోగమే ఇచ్చాడు. ఐర్లండ్‌లోని అత్లోన్ ఊరి చివర, ఆయనా, నర్సు మార్తా వాళ్ళూ ఉండే ఇరవై రెండిళ్ళ కాలనీకి సొంత కరెంటుంది. ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు, పొలం గట్టున ఒక గాలిమర, షెడ్డులో పెద్ద బ్యాటరీ. బయటి కరెంటు పోయినా కాలనీ తన కాళ్ళ మీద తాను నిలబడాలి. నిలబడుతుందా లేదా అని యూనివర్సిటీ తరఫున లెక్క కట్టడం కామేశ్వరరావు గారి పని. ఆయన లెక్క కాగితం మీద ఆగేది కాదు. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి బయటి కరెంటు లైను గంటసేపు దానంతటదే కట్ అయ్యేలా పెట్టారు.

కాలనీ మొత్తం తిట్టేది. మార్తా మరికాస్త ఎక్కువ తిట్టుకునేది. ఆమె భర్త ఆమోసుకు ఊపిరితిత్తుల జబ్బు. పగలూ రాత్రీ ఆక్సిజన్ మిషన్ ఆడుతూ ఉండాలి. అది ఆగితే పక్కనున్న సిలిండర్ మూడు గంటలు వస్తుంది, అంతే. పైగా అదేం చోద్యమో, గురువారం నాలుగు కొట్టేసరికి ఈ పెద్దమనిషి టీకని వాళ్ళింటికే వచ్చేవారు. ఆమోసు పక్కన సోఫాలో కూలబడి, మూడు కప్పులు తాగి, అయిదింటికి బయటి కరెంటు మళ్ళీ కలిశాకే లేచేవారు.

"కాలనీ అంతా తిడుతుంటే మనింట్లో దాక్కుంటున్నాడు," అనేది మార్తా వంటింట్లో.

"పోనీలే, నాకు కబుర్లకు మనిషి దొరికాడు," అనేవాడు ఆమోసు.

జనవరిలో ఒక శుక్రవారం పెద్ద తుఫానని రెడ్ వార్నింగ్ వచ్చింది. పొద్దున్నే గాలి ఊళ్ళో చెట్లను కూకటివేళ్ళతో లేపేసింది. బయటి కరెంటు పోయింది, రోడ్లు మూసుకుపోయాయి. అంత గాలిలో తిరిగితే విరిగిపోతుందని గాలిమర తనంతట తానే ఆగిపోయింది. జనవరి మబ్బుకు సోలార్ పలకలు ఉన్నా లేనట్టే. మిగిలింది బ్యాటరీ ఒక్కటే.

తుఫాను వస్తోందంటే ఐరిష్ వాళ్ళు బ్రెడ్డు కొనిపెట్టుకుంటారు. మనవాళ్ళు వండిపెట్టుకుంటారు. ఉన్న కాస్త కరెంటూ ఎప్పుడు పోతుందోనని కాలనీలోని తెలుగిళ్ళన్నీ ఒకేసారి కుక్కర్లు పెట్టేశాయి. మార్తా ఫోన్లో కాలనీ బ్యాటరీ అంకె నూటికి ముప్పయి రెండు, ఇరవై అయిదు, పంతొమ్మిది అంటూ జారిపోతోంది. ఆమె చెయ్యి సిలిండర్ మీదే ఉంది. నర్సుగా ఎందరికో ధైర్యం చెప్పిన మనిషి ఆ పూట సిలిండర్ ముల్లునే మళ్ళీ మళ్ళీ చూసుకుంది.

ఇంతలో కాలనీ గ్రూపులో కామేశ్వరరావు గారి గొంతు. "కుక్కర్లు ఆపండి! అందరూ! ఇప్పుడే!"

"అంకుల్, పప్పు సగమే ఉడికింది," అన్నాడు కాలనీ కుర్రాడు దీక్షిత్.

"సగం ఉడికిన పప్పు మనిషిని చంపదు. కట్టెయ్!"

కట్టేశారు. ఏడాదిగా గురువారం గురువారం తిట్టుకుంటూనే అలవాటుపడ్డారు మరి. అంకె పదిహేడు దగ్గర ఊగిసలాడి, మెల్లగా దిగుతూ, పదకొండు దాకా వచ్చింది. మార్తా ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి చూసేది, మళ్ళీ మూసేది. మూడింటికి గాలి కాస్త తగ్గింది. గాలిమర కదిలింది. పన్నెండు. పదమూడు. మిషన్ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మర్నాడు మార్తా ఫ్లాస్కులో టీ పోసుకుని ఆయనింటికి వెళ్ళింది. ఇల్లు చీకటి. మొగుడూపెళ్ళాలిద్దరూ కోట్లు, టోపీలు వేసుకుని సోఫాలో ముడుచుకుని ఉన్నారు.

"అయ్యో, మీకు కరెంటు లేదా ఆంటీ?"

"మాది నిన్న పొద్దున్నే తీసేశారమ్మా."

"ఎవరు?"

"ఇంకెవరు!" శ్యామలాదేవి గడ్డంతో భర్తను చూపించింది.

వంటింట్లో అల్మరా తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. కరెంటు చాలకపోతే ముందు ఏ ఇల్లు ఆపాలో వరస. మొదటిది ఆయనదే. ప్రతి ఇంటికీ ఎదురుగా 'ఆగిపోతే?' అన్న గడి. కొవ్వొత్తి, స్వెటర్, పక్కిల్లు అని రాసి ఉంది. అన్నిటికంటే చివర మార్తా ఇల్లు. దాని గడిలో, 'ఆగకూడదు. సిలిండర్ మార్చడం నేర్చుకున్నాను. గురువారం నాలుగింటికి అక్కడే కూర్చోవాలి.'

మార్తా ఫ్లాస్కు మూత తిప్పింది.

"ఒక్కటే తెచ్చావా? ఇది కారితే?" అన్నారాయన.

ఈ ఏడాది ఏప్రిల్లో కామేశ్వరరావు గారు వెళ్ళిపోయారు. దినాలయ్యాక మొదటి గురువారం, నాలుగింటికి మార్తా ఇంటి బెల్లు మోగింది. గుమ్మంలో శ్యామలాదేవి, చేతిలో రెండు గొడుగులు.

"కాగితం వెనకవైపు కూడా రాశారమ్మా. 'ఒకవేళ నేను ఆగిపోతే? శ్యామల,' అని. నాకు మూడు కప్పులు పట్టవు, రెండే పెట్టు."

ఆమోసు సోఫాలో జరిగి చోటిచ్చాడు. "మరి మీరు రాలేకపోతే ఆంటీ?" అన్నాడు.

"మూడో పేరు దీక్షిత్. సిలిండర్ మార్చడం నేర్పేశారు. పప్పు ఉడికించడం మాత్రం ఇంకా రాలేదుట."