అద్దాల పెట్టెలో డప్పు

లక్డారంలో డప్పు కొట్టే మిత్రుడు మల్లయ్య చనిపోతే శ్రీకాకుళం నుంచి వెళ్లాను. అక్కడ డప్పు కొట్టినవాడి పాడె ముందు అతని డప్పే మోగాలి. మల్లయ్య డప్పును ఊరి పక్క కంపెనీ వాళ్లు ఎప్పుడో అడిగి తీసుకెళ్లి అద్దాల పెట్టెలో పెట్టారు. దానికోసం అతని తమ్ముడితో కలిసి వెళ్లాను.

“ఒక్క పూట ఇయ్యుండ్రి సారూ, మళ్ల తెచ్చిస్త,” అన్నాడు తమ్ముడు.

“అది హెరిటేజ్ అన్నా. మంటకు కాపితే తోలు ఖరాబయితది,” అన్నాడు మేనేజర్.

“మా అన్న దినాం కాపిండు, ఖరాబు గాలే. మీరు అద్దాలల్ల పెట్టినంకనే దాని నోరు వడిపోయింది.”

మేనేజర్ తాళం తియ్యలేదు. పెట్టె మీద ‘మన సంస్కృతి’ అని ఉంది, మల్లయ్య పేరు లేదు.

డప్పు లేకుండానే పాడె లేచింది. దారిలో పాడె దింపి, ఇంకా ప్రాణముందేమోనని పోయినవాడి చెవిలో పేరుపెట్టి పిలవడం ఆచారం. ఆ రోజు కంపెనీ గేటు ముందే దింపారు. తమ్ముడు శవం మీదికి వంగలేదు. గేటు వైపు తిరిగి, “మల్లన్నా!” అని అరిచాడు.