ఇమ్మానుయేలు బాబాయి చిన్నక్షరాలు

మా ఇమ్మానుయేలు బాబాయి గారికి మనిషి కనబడితే చాలు, పెట్టుబడి యాప్‌లో ఖాతా తెరిపించాలి. ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అప్పట్లో టికెట్ లేనివాణ్ణి వదిలేవారు కాదు, ఇప్పుడు ఖాతా లేనివాణ్ణి వదలరు.

ఈ జబ్బు అంటించింది ఒక రివార్డుల సైటు. కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్ల కోసం యాప్‌ల జాబితా ఒకటి అందులో ఉంటుంది. ఖాతా తెరిచి వంద పెడితే రెండొందలు బోనసు. బాబాయి పద్నాలుగు యాప్‌లలో చేరిపోయారు. మనిషికి బోనసు ఒక్కసారే. కానీ ఇంకొకరిని చేర్పిస్తే మళ్లీ ఇస్తారు. ఇంకేం, మా ఊరు రాజోలు మీద పడ్డారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం చెప్పులు వేసుకునేలోపే చర్చి గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడేవారు. "ఫోనులో కనబడే ఈ గుండ్రంలో మొహం పెట్టి ఒక్కసారి కళ్లార్పండి, ఖాతా తెరిచేస్తుంది" అనేవారు. పాపం, పాస్టరుగారు కూడా ఆర్పారు.

ఎవరేమడిగినా ఒకటే జవాబు.

"వంద పోతే ఎవరిస్తారండీ?" అన్నారు చేపల చెరువుల పోలిరాజు గారు.

"కింద చిన్నక్షరాల్లో రాశారండి."

"మీరు చదివేరా?"

"ఆయ్! చదవకుండా చెప్తానా అండీ?"

ఆయన చదవగా చూసినవాళ్లు మాత్రం ఊళ్లో లేరు.

నిరుడు మా అమ్మ వంతు వచ్చింది. అమ్మ బట్టలు కుడుతుంది. ఆ యాప్‌కి బోనసు ఏకంగా అయిదొందలు, గడువు ఆదివారం. అమ్మ మొహం పెట్టింది, యాప్ వద్దంది. మళ్లీ పెట్టింది, మళ్లీ వద్దంది. తొమ్మిదిసార్లు! నేను పడీపడీ నవ్వాను.

"ఏ గుండ్రం మరిదిగారూ?" అంది అమ్మ మెల్లిగా.

బాబాయి ఫోను దించేసి అమ్మ వేళ్ల మీది సూదిపోట్లు చూశారు. "సూదిలో దారం ఎవరెక్కిస్తున్నారు వదినా?"

అమ్మకి చూపు మసకబారిందట. తెలిస్తే నేను కుట్టుపని మాన్పిస్తానని రెండేళ్లుగా దాస్తోందట. ఒకే ఇంట్లో ఉండి నేను కనిపెట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కంటి డాక్టరుకి చూపిద్దామన్నాను. "ఆపరేషనంటే నేను రాను. ఉన్న చూపు కూడా పోద్ది" అని అమ్మ మొండికేసింది. బతిమాలాను, ఏడ్చాను, అయినా వినలేదు.

బాబాయి ఫోను మీద వేలు పైకీ కిందికీ జరిపి నిట్టూర్చారు. "చిక్కొచ్చిపడింది వదినా. మీ పేరు ఎక్కించేసేను కదండీ. ఆపరేషనయినట్టు కంటి డాక్టరు చీటీ చూపించకపోతే నా పద్నాలుగు ఖాతాలూ మూసేస్తారంట."

"అలాగని ఎక్కడుందండీ?" అంది అమ్మ.

"కింద. చిన్నక్షరాల్లో."

మరిది ఖాతాలు మూతపడతాయన్న కంగారులో అమ్మ మర్నాడే అమలాపురం బస్సెక్కింది. రెండు కళ్లకీ శుక్లాలు. వెంటనే ఒకటి, నెల తర్వాత రెండోది తీశారు. ఆ ఆదివారం గడువు దాటుతుంటే బాబాయి అమ్మ కంట్లో చుక్కలమందు వేస్తూ కూర్చున్నారు. బోనసుల సొమ్మంతా ఆసుపత్రికే అయిపోయింది. నేను డబ్బివ్వబోతే కసిరేశారు.

"ఊరుకోమ్మా శారోనూ! ఊరంతా కళ్లార్పితే వచ్చిన డబ్బు. కళ్లకే పోయింది."

ఆయన రుణం నేనెలా తీర్చుకుంటానో ఆ దేవుడికే తెలియాలి.

మొన్న అమ్మ ఫోను పట్టుకుని వసారాలో గంటసేపు కూర్చుంది. బాబాయి రాగానే తలెత్తింది.

"మరిదిగారూ, చిన్నక్షరాలన్నీ చదివేనండి. కంటి చీటీ మాట ఎక్కడా లేదేంటండీ?"

బాబాయి విప్పబోయిన చెప్పులు మళ్లీ వేసుకున్నారు. "అప్పుడుండేదండి. చదివేవాళ్లు ఎక్కువైపోయారని తీసేసినట్టున్నారు."

"కూర్చోండి. ఆ గుండ్రం ఏదో తియ్యండి."

"ఆఫరు ఎప్పుడో అయిపోయింది వదినా. రూపాయి కూడా రాదు."

"రాకపోతే పోయిందండి. తియ్యండి, చూస్తాను."

తీశారు. అమ్మ సరిగ్గా గుండ్రం మధ్యలో మొహం పెట్టి కళ్లార్పింది.