బెల్‌గహనా తర్వాత వచ్చే స్టేషన్

ఈ ప్రయాణం సరదాకి పెట్టుకున్నది కాదు. బిలాస్‌పూర్ నుంచి పెండ్రా రోడ్ వెళ్లి సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేయడం, అంతే. వంద కిలోమీటర్ల ముక్క. మా ఆయన ఇరవై ఏళ్లుగా ఆ లైన్ మీదే బళ్లు నడిపారు. పెళ్లయి పలాస నుంచి ఈ ఊరొచ్చి ఇరవై ఎనిమిదేళ్లయినా నేను మాత్రం ఒక్కసారీ అటు వెళ్లలేదు. మేం ఎక్కేదెప్పుడూ విశాఖ వైపు బండే. పెండ్రా రోడ్ అనగానే అమర్‌కంటక్ కొండ మీది గుళ్ల ఫోటోలు ఉంటాయనుకుని ఈ పోస్టు తెరిచినవాళ్లు మన్నించాలి. మేం అక్కడిదాకా వెళ్లలేదు. ఆపరేషనైన మనిషిని రైల్లో ఎలా తీసుకెళ్లాలా అని వెతుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల కోసమే రాస్తున్నాను.

పోయిన ఏడాది ఆయనకు క్లోమంలో క్యాన్సర్ అని తేలింది. నాగ్‌పూర్‌లో ఎనిమిది గంటల ఆపరేషన్. తర్వాత రాయ్‌పూర్‌కి తిరుగుతూ పన్నెండు కీమోలు. డెబ్బై ఎనిమిది కిలోల మనిషి యాభై ఒకటికి దిగారు. ఇంటికొచ్చినవాళ్లందరూ 'కీమోలు అయిపోయాయి కదా, ఇంకేం, గండం గడిచినట్టే' అంటారు. వాళ్ల నోట్లో చక్కెర పొయ్యా! గండం గడిస్తే మూడు నెలలకోసారి స్కాన్‌కి రమ్మని డాక్టరు ఎందుకు పిలుస్తున్నాడో వాళ్లకేం తెలుసు?

ఆయనకు వాళ్ల మాటలూ అక్కర్లేదు, డాక్టరు మాటలూ అక్కర్లేదు. ఒకటే ధ్యాస, డ్యూటీ. మళ్లీ ఇంజనెక్కాలి. ఆ శరీరంతో ఇంజన్ ఎక్కనివ్వరని రైల్వే డాక్టరు మెత్తగా చెప్పాడు. ఆఫీసులో గుమాస్తా ఒక దరఖాస్తు ఇచ్చి, సంతకం పెడితే కూర్చుని చేసే పని ఇస్తారన్నాడు. ఆ కాగితం నెల రోజులుగా టీవీ కింద పడి ఉంది. నేను రోజూ పోరుతూనే ఉన్నాను. ఆయన వింటేగా! మూడు నెలలు దాటి ఒక లైన్ మీద బండి నడపకపోతే డ్రైవర్లు మళ్లీ ఆ దారి నేర్చుకోవాలి. ఇంకో డ్రైవర్ పక్కన కూర్చుని స్టేషన్లు, సిగ్నళ్లు, మలుపులు అన్నీ చూసుకుని, నాకీ దారి తెలుసని సంతకం చేయాలి. "ఆ సంతకం పెడతాను గాని ఈ సంతకం పెట్టను. ఒక్కసారి దారి సూసొస్తే సాలే, అన్నీ వచ్చీస్తాయి" అన్నారు. రైలు కుదుపులకి రెండు స్టేషన్లు దాటేసరికి ఆయనకే తెలిసొస్తుంది, వచ్చి నోరు మూసుకుని సంతకం పెడతారు అనుకున్నాను. అంత కచ్చగానే బయల్దేరాను, అబద్ధం ఎందుకు?

తార్‌బహార్‌లోని మా ఇంటి నుంచి స్టేషన్‌కి ఈ-రిక్షాలో పది నిమిషాలు, నలభై రూపాయలు. పక్క స్టేషన్ ఉస్లాపూర్‌లో ఎక్కితే మెట్లు తక్కువని కొందరు చెప్పారు కానీ, మీరు బిలాస్‌పూర్‌లోనే ఎక్కండి. ప్యాసింజర్ ఇక్కడే బయల్దేరుతుంది కాబట్టి కిటికీ సీటు దొరుకుతుంది, మరుగుదొడ్డి పక్కనే చోటు చూసుకోవచ్చు. ఇలాంటి మనిషితో వెళ్లేటప్పుడు అది కిటికీ కంటే ముఖ్యం. టికెట్ మనిషికి ముప్పై రూపాయల్లోపే. మేం వెళ్లినరోజు బండి ఎనిమిదింపావుకి కదిలింది. సంచిలో రెండు జతల బట్టలు, ఇన్సులిన్, మెత్తగా ఉడికించిన ఇడ్లీలు, తిండి అరగడానికి తొలి ముద్దతోపాటు మింగాల్సిన క్యాప్సూళ్లు పెట్టుకున్నాను. క్యాప్సూళ్లు అడుగున పడకుండా పైనే ఉంచాను.

"ఏటే, కిటికీ నాకు ఒగ్గేయ్" అన్నారు. ఒగ్గేశాను. ఉస్లాపూర్ దాటేసరికి ఆయన మొహం మారిపోయింది. పెదాలు కదులుతున్నాయి. ఏదో సిగ్నల్ పేరు చెప్పడం, కిటికీలోంచి అది కనబడగానే తల ఊపుకోవడం. ఘుట్కూ, కల్మీటార్ వరుసగా వచ్చాయి. ఇరవై ఏళ్ల కిందట ఆయన్ని ఈ లైన్‌కి వేసినప్పుడు స్టేషన్లు, సిగ్నళ్లు రాసుకున్న నోట్‌బుక్ నా చేతికిచ్చి వంటింటి గుమ్మంలో కూర్చునేవారు. నేను పప్పులో రాళ్లేరుతూ అడిగేదాన్ని, ఆయన అప్పజెప్పేవారు. ఒక్కటి వదిలేసినా 'తప్పు!' అని అరిచేదాన్ని. ఆయన చెవులు పట్టుకుని మళ్లీ బిలాస్‌పూర్ నుంచి మొదలుపెట్టేవారు. అలా ఒక్క స్టేషనూ చూడకుండానే నాకు ఆ లైనంతా నోటికొచ్చేసింది.

కర్గీ రోడ్‌లో ఒక పెద్దాయన ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. రిటైరైన బడి పంతులట. మా ఆయన లోకో పైలట్ అని తెలియగానే చేతులు జోడించి, హిందీలో ఒకటే ప్రశ్నలు. ఘాట్‌లో బండి ఎందుకు నెమ్మదిస్తుంది, సొరంగం ఎంత పొడవు, వానాకాలంలో భయం వేయదా అని. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన్ని ఎవరూ ఇలాంటివి అడగలేదు. అడిగేవన్నీ విరేచనం అయిందా, ఎన్నిసార్లయింది, ముద్ద దిగిందా అనే. ఆయన నడుం నిలబెట్టి కూర్చున్నారు. గొంతు కూడా పాత గొంతే. కచ్చతో వచ్చానని చెప్పానా, ఆ గొంతు విన్నాక నాకే ఆశ పుట్టింది. ఏమో, మళ్లీ ఎక్కుతారేమో అనుకున్నాను.

బెల్‌గహనాలో బండి కదిలింది. "ఇక ఇక్కడి నుంచి అడవి చిక్కబడుతుంది మాస్టారూ, వచ్చేది ఖోంగ్సరా, ఆ తర్వాత ఘాట్" అన్నారు ఆయన, చేయి ముందుకి చాపి.

"తప్పు!" అన్నాను. "తెంగన్‌మాడా ఏటయిపోనాది?"

అనాలని అనలేదు. ఆలోచించి అన్న మాట కాదు. గుమ్మంలో కూర్చున్నప్పటి అలవాటు నా నోట్లోంచి దానంతటదే దూకేసింది. స్టేషన్ పేరు పట్టుకుని పంతులుగారు పకపకా నవ్వి, "భాభీజీకి మీకంటే ఎక్కువ తెలుసే!" అన్నాడు. ఆయన నవ్వలేదు. చాపిన చేయి మెల్లగా ఒళ్లోకి తీసుకున్నారు. బండి ఆగింది. కిటికీకి ఎదురుగా పసుపు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో తెంగన్‌మాడా. దాన్ని అలా చూస్తూ ఉండిపోయారు.

"కీమోకి మతిమరుపు వస్తుందని డాక్టరు సెప్పారు కదండీ. తగ్గిపోద్ది" అన్నాను చెయ్యి పట్టుకుని.

"సిగ్నల్ కాదే. స్టేషనే మర్చిపోనాను."

"అందరూ మర్చిపోతారు."

"ఎనకాల పెట్టెల్లో కూకున్నోళ్లకి సెప్పు ఆ మాట" అన్నారు.

ఘాట్ వచ్చింది. ఎడమ పక్క లోయ, సాల చెట్లు, బండి వంపు తిరిగితే దాని ముందు పెట్టెలు మనకే కనిపిస్తాయి. నిజంగా చూడవలసిన చోటు. భన్వర్‌టంక్ దగ్గర అందరూ కిటికీల్లోంచి పట్టాల పక్క గుడిలోని అమ్మవారికి దండం పెట్టుకున్నారు. ఆ తర్వాత సొరంగం. 'నీకు సూపిస్తాను సూడు, సెవులు గళ్లు పడిపోతాయి' అని వారం రోజులుగా ఊరించారు. సొరంగంలోకి వెళ్లేసరికి కళ్లు మూసుకుని ఉన్నారు. నేను ఒక్కదాన్నే చూశాను. చూసి ఏం చేసుకోను? నా నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

పదకొండు దాటాక పెండ్రా రోడ్‌లో దిగాం. అమర్‌కంటక్‌కి స్టేషన్ బయట జీపులుంటాయి, గంటకు పైగా కొండదారి. ఆయన వద్దన్నారు. స్టేషన్ ఎదురుగా ఒక చిన్న హోటల్లో వంట చేస్తున్నావిడతో, కారం, నూనె లేకుండా పప్పన్నం కావాలన్నాను. "నూనె లేకుండా పప్పు ఎవరు తింటారమ్మా?" అంది. జబ్బు పేరు చెప్పాను. ఆవిడ వార్చిన గంజి గ్లాసులో పోసి, ఉప్పు వేసి తెచ్చింది. ఇక్కడివాళ్లు పసియా అంటారు, మన గంజే. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. ఇడ్లీ తుంచి క్యాప్సూల్ చేతిలో పెడితే, "తర్వాత" అన్నారు. ఏడాదిగా ఎంత వాంతవుతున్నా ఆ క్యాప్సూల్‌కి వద్దనని మనిషి. హోటలావిడ డబ్బులు తీసుకోలేదు.

రెండు గంటల ఎక్స్‌ప్రెస్ కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. పక్క లైన్‌లో బొగ్గు బండి ఆగి ఉంది. దాని ఇంజన్‌లోంచి "నాయుడు భయ్యా!" అని కేక. ఒకప్పుడు ఈయన దగ్గర అసిస్టెంటుగా చేసిన రాంకుమార్, ఇప్పుడు తనే డ్రైవర్. దిగి పరుగున వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. ఆ ఎముకలు చూసి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పైకి మాత్రం, "ఎప్పుడు జాయినవుతున్నారు? ఒక్క నిమిషం పైకి రండి, మీ సీట్లో కూర్చుందురుగాని" అన్నాడు.

పొద్దున్నైతే నేనే అడ్డుపడేదాన్ని, ఆ నిచ్చెన ఎక్కితే కుట్లు ఏమవుతాయని. ఇప్పుడు, "ఎక్కండి, ఒక్కసారి ఎక్కండి" అని నేనే బతిమాలాను.

"మనం టికెట్ కొన్నది ఆ బండికి కాదు కదే" అని, రాంకుమార్ భుజం తట్టారు. "నేను ఇక రాను భాయీ. దారి మర్చిపోయాను."

రాంకుమార్ నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

ఎక్స్‌ప్రెస్ నాలుగున్నరకి ఉస్లాపూర్‌లో దింపింది, అక్కడి నుంచి ఆటోకి నూట ఇరవై. ఇంట్లోకి రాగానే చెప్పులు విప్పకుండానే, "ఆ కాయితం తేయే" అన్నారు. నెల రోజులు పోరినా పెట్టని సంతకం, అరనిమిషంలో పెట్టి ఇచ్చేశారు. నేను గెలిచాను. అంతకంటే దిక్కుమాలిన గెలుపు ఈ జన్మలో ఇంకోటి ఉండదు.

ఇది జరిగి మూడు వారాలు. ఆయన గొడవ చేయడం లేదు, డ్యూటీ మాటెత్తడం లేదు. పెట్టింది తింటారు, లేకపోతే లేదు. బరువు ఇంకో రెండు కిలోలు తగ్గింది. స్కాన్‌కి ఎప్పుడెళ్దాం అంటే, "నీ ఇష్టం" అంటారు. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కరోజైనా 'నీ ఇష్టం' అన్న మనిషి కాదు. ఇంజనెక్కాలన్న పిచ్చి ఆయన్ని పీక్కుతింటోందనుకున్నాను. అన్నం తినిపించింది, కీమోలకు నడిపించింది ఆ పిచ్చేనని నాకు తెలియలేదు. డాక్టర్లు కడుపులోంచి ఏమేం కోసి తీశారో కాగితం మీద రాసిచ్చారు. నేను తీసేసింది ఏ కాగితం మీదా ఉండదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

పోస్టు చివర ఒక సూచన ఇవ్వడం నా అలవాటు. క్యాప్సూళ్లు సంచి అడుగున పెట్టకండి, మరుగుదొడ్డి పక్క సీటు చూసుకోండి, అవన్నీ పైన రాశాను. అసలు సూచన ఒక్కటే. మీ మనిషి మీకు దారి చెప్తుంటే వినండి. స్టేషన్ వదిలేస్తే వదిలేయనివ్వండి. కాసేపటికి బోర్డు వస్తుంది, ఆయనే చదువుకుంటారు. మీరు మాత్రం చెప్పకండి.