రాజు చెంప మీది గాయం

మొన్న తిరుపతి బజారులో ఒక వెండికొట్టతను పాత రూపాయిని రాతిమీద మోగించాడు. ఆ ఖంగుమనే చప్పుడుకు నా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. వెండిని కళ్లు మూసుకుని వినాలని నాకు నేర్పింది మునిరత్నం మాస్టరు. నలభైల్లో, యుద్ధం నడుస్తుండగా, చిత్తూరు హైస్కూల్లో నేను లెక్కల పంతులుగా చేరేనాటికి ఆయన అక్కడ డ్రాయింగు మాస్టరు. జీతమంతా పాత వెండికే తగలేసేవాడు. అదీ మంచి నాణేలకు కాదు, ఎవరో ముద్ర కొట్టి చెడగొట్టినవాటికి!

"చెడిపోలేదప్పా, దానికి నోరొచ్చినాది" అనేవాడు. అప్పటికి నూరేళ్లకు పైగా ముందు మెక్సికో దేశంలో స్పెయిన్ రాజు మీద తిరగబడినవాళ్లు ఆ రాజు బొమ్మ ఉన్న నాణేల మీదే తమ విల్లు గుర్తు కొట్టి చెలామణి చేశారట. ఆ విల్లును ఏదో పుస్తకంలో చూసినప్పటినుంచి ఆయనకు కుదురు లేదు. "అన్ని సముద్రాలు దాటి ఈడికి యాడొస్తుంది సార్, మీ పిచ్చిగానీ!" అని నవ్వేవాణ్ణి.

వచ్చింది. పలమనేరు దగ్గర ఒక పల్లెలో పాపమ్మ అనే ముసలామె ఇంట్లో పెద్ద వెండిబిళ్ల ఉందని విని ఇద్దరం బస్సెక్కాం. ఆమె పెనిమిటి సముద్రం దాటి మలయాలోని పెనాంగుకు కూలికి పోయి తెచ్చిందట. అక్కడ మెక్సికో వెండి కూడా చెల్లేదట.

"రాజు సెంప మీద గాయం ఉండాది సామీ, కొడవలి మాదిరి వంగి" అంది. మాస్టరు వెంటనే చెయ్యి చాచాడు. కానీ ఆ బిళ్ల పసుపుగుడ్డలో ముడుపు కట్టి దేవుని పటం ముందు ఉంది. కొడుకు బర్మా యుద్ధానికి పోయాడు. తిరిగొస్తే కొండెక్కి హుండీలో వేస్తానని మొక్కుకుంది. "వాడొచ్చేదాకా ముడి ఇప్పకూడదు. కావాలంటే పట్టుకోని సూడండి" అని చేతికిచ్చింది.

ఆమె మజ్జిగకు లోపలికి పోగానే నేను ముడిమీద వేలు వేశాను. మాస్టరు చటుక్కున నా చేతిమీద కొట్టాడు. "ఆయమ్మ పానమంతా ఆ ముడిలోనే ఉండాది. తియ్ చెయ్యి!" ఆమె వచ్చాక అడిగి, గుడ్డను బిగించి, పైన కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దాడు. నేత గళ్ల మధ్య వంకర గీత ఒకటి తేలింది. విల్లో, గుడ్డ మడతో తేలలేదు.

ఇక సెలవొస్తే చాలు, అక్కడికే. ఏ ఓడలో వచ్చింది, ఎవరిచ్చారు, గాయం కుడి చెంపనా ఎడమ చెంపనా అని ఆమెను పీడించేవాళ్లం. మూడో ఏడు యుద్ధం ముగిశాక పోయేసరికి పాపమ్మ తిన్నెమీద కూర్చుని ఉంది. మా కళ్లముందే ముడి విప్పి, బిళ్లను మాస్టరు అరచేతిలో పెట్టింది.

"ఇంక సూడు సామీ. వాడు రాడంట."

నిజం చెబుతాను, నా చూపు ముందు రాజు చెంప మీదికే పోయింది. విల్లే! మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టరు మాత్రం బిళ్లను చూడనే లేదు. పిడికిలి మూసి ఆమె ముందు నేలమీద కూలబడ్డాడు.

"నీ కొడుకు పేరేందమ్మా?"

మూడేళ్లలో అన్నీ అడిగాం, అదొక్కటి అడగలేదు. "సుబ్రమణ్యం" అని చెప్పి ఆమె అప్పుడు ఏడ్చింది. ఇప్పటికీ నేను ఎవరి గడప తొక్కినా, మొదట ఆ ఇంటివాళ్ల పేర్లన్నీ అడుగుతాను. వచ్చిన పని తర్వాత.