రోలర్ కొట్టని దెబ్బ

ఆ రోజుల్లో మేం కబడ్డీ మట్టిలో ఆడేవాళ్ళం. ఇప్పుడు టీవీలో పరుపులాంటి మ్యాట్ మీద పడి నవ్వుతూ లేచే కుర్రాళ్ళను చూస్తుంటే నాకు మోకాలు నొప్పి పుడుతుంది. (అసూయ కాదు. నా కుడి మోకాలు వాన వచ్చే ముందు, కబడ్డీ వచ్చే ముందు తప్పకుండా కబురు చెప్తుంది.) ఆ ఆటల్లో ఎవడో ఒక లావుపాటి కుర్రాడు ఇంకొకణ్ణి భుజంతో గీత అవతలకు తోస్తాడు. జనం లేచి నిలబడతారు. వాడు తొడ కొడతాడు. అందరూ వాడి తొడ చూస్తారు, నేను వాడి మొహం చూస్తాను. అయిపోయిందిరా నీ పని, రేపటి నుంచి నిన్ను ఇదొక్కటే అడుగుతారు, అనుకుంటాను. హిందూపురంలో ఒకప్పుడు నేనూ అలాంటివాణ్ణే. నా అసలు పేరు ఎక్కువమందికి తెలియదు గానీ, రోడ్డు రోలర్ అంటే మడకశిర నుంచి ధర్మవరం దాకా కాస్త వయసు మళ్ళిన వాళ్ళు ఇప్పటికీ తల ఊపుతారు. ఆ రోలర్ ధర్మవరం ఫైనల్లో ఒక పిల్లవాడి చెయ్యి విరగ్గొట్టాడని కూడా చెప్తారు. ఆ సంగతి ఒకసారి ఉన్నదున్నట్టు చెప్పేస్తే నాకు కాస్త నిద్ర పడుతుందని ఇది రాస్తున్నాను.

ఆట తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. అవతలి జట్టు నుంచి ఒక రైడర్ కూత పెట్టుకుంటూ మన కోర్టులోకి వస్తాడు. వాణ్ణి కాలో నడుమో పట్టుకొని ఆపవచ్చు, లేదా భుజంతో గుద్ది గీత బయటకు పంపవచ్చు. ఈ గుద్దడాన్ని డాష్ అంటారు. నాకు నిజంగా వచ్చిన విద్య మొదటిది. మడమ పట్టానంటే రైడర్ కదిలేవాడు కాదు. కానీ మడమ పట్టేవాడు నేల మీద బోర్లా పడి ఉంటాడు, వాడిలో చూడ్డానికి ఏముంటుంది? మడకశిరలో ఒక టోర్నమెంటుకు ముందు దుమ్ము లేవకుండా కోర్టులో నీళ్ళు చల్లారు. నేను మడమ కోసం వంగబోయి ఆ తడిలో కాలు జారి, నా బరువంతా తీసుకెళ్ళి రైడర్ మీద వేశాను. ఆ పిల్లవాడు తాడు దాటి, ముందు వరుసలో కుర్చీ వేసుకొని కూర్చున్న సర్పంచ్ ఒళ్ళో పడ్డాడు. మైకాయన గొంతు చించుకొని అరిచాడు, "చూసినారా? అది మనిషి కాదప్పా, హిందూపురం రోడ్డు రోలర్." ఆ పేరు అట్లా వచ్చింది. ఒక జారుడుతో వచ్చిన పేరును తర్వాత నాలుగైదేళ్ళు భుజాన మోశాను.

అప్పటి నుంచి నేను ఏ ఊరు వెళ్ళినా జనం ఆట చూడ్డానికి రాలేదు, గుద్దు చూడ్డానికి వచ్చారు. మడమలు పట్టి పట్టి జట్టును గెలిపించిన రోజున కూడా, డాష్ పడకపోతే సినిమాలో ఫైటు లేనట్టు మొహాలు వేలాడేసుకొని పోయేవాళ్ళు. "ఏమప్పా, పొద్దున అన్నం తిన్లేదా?" అని ఒకడు. "పెండ్లయినాక మెత్తబడినాడులే," అని ఇంకొకడు. (నాకు అప్పటికి పెళ్ళి కాలేదు.) వీళ్ళందరికీ పెద్ద మా గుడ్ల మామ. హిందూపురం మార్కెట్లో కోడిగుడ్ల వ్యాపారం ఆయనది. నేను ఎక్కడ ఆడితే అక్కడికి టెంపోలో గుడ్ల ట్రేలు వేసుకొని వచ్చి, గీత పక్కన పేర్చి, మైకులో చదివించేవాడు. "రోలర్ తోలే ప్రతి డాషుకూ ఒక ట్రే గుడ్లు, గుడ్ల మామ చదివిస్తాండాడు." వెంటనే జనం, "రోలర్ తోలు, రోలర్ తోలు" అని అందుకునేవాళ్ళు. మడమ పడితే గుడ్లు లేవు. ఒకసారి అడిగాను కూడా. "మడమకేముండాదప్పా," అన్నాడు మామ, నిజంగా అర్థం కానట్టు, "దాన్ని మా పిల్లి గూడా పడుతుంది."

గుద్ది తెచ్చిన గుడ్లు ఇంటికి తీసుకెళ్తే మా అవ్వ ముట్టుకునేది కాదు. "ఎవరి బిడ్డనో తోసి తెచ్చిన గుడ్లు నేను ఉడకబెట్టనబ్బా," అనేది. కాసేపటికి తనే పొయ్యి మీద పెట్టి, "పారేస్తే ఇంకా పాపం," అంటూ సంగటిలోకి పులుసు చేసేది. పులుసు బాగుండేది, అదే కష్టం. ఇక నేను పనిచేసే నూలు మిల్లులో మేనేజరు కూడా నా అభిమాని. కొత్తగా చేరిన వాళ్ళంతా రాత్రి షిఫ్టులో దగ్గుతుంటే, నన్ను ఒక్కణ్ణే పగటి షిఫ్టులో ఉంచాడు. ప్రతి సోమవారం గేటు దగ్గర ఆపి అడిగేవాడు, "నిన్న ఎవర్ని లేపితివప్పా?" లేపలేదంటే ఆయన షిఫ్టుల చార్టు వైపు చూసేవాడు. అందుకని నేను, స్వభావానికి చీమను కూడా పక్కకు తప్పించి నడిచే మనిషిని, వారం వారం ఎవరో ఒకణ్ణి గుద్దుతూ వచ్చాను. గుద్దిన ప్రతిసారీ, దుమ్ములోంచి వాడు లేచేదాకా వాడి మీంచి కళ్ళు తిప్పేవాణ్ణి కాదు.

ఇట్లా ఉండగా ధర్మవరం టోర్నమెంటు వచ్చింది. ఫైనల్ మాకూ పెనుకొండకూ. ఆదివారం పొద్దున మేం ప్యాసింజరు బండిలో బయల్దేరాం, పెనుకొండలో వాళ్ళ జట్టు అదే బండి ఎక్కింది. వాళ్ళ రైడర్‌ను గాలిపటం అనేవాళ్ళు. పేరుకు తగ్గట్టే సన్నగా, తేలిగ్గా, ఎటు గాలి వీస్తే అటు తిరిగేవాడు. అతను నా పక్కన చోటు చేసుకొని కూర్చొని, వేరుశనగ కాయల పొట్లం నా ఒళ్ళో పెట్టాడు.

"అన్నా, ఒక మాట. ఈ పొద్దు నన్ను గుద్దాకు."

"ఏమప్పా, భయమా?"

"భయం కాదన్నా. వచ్చే వారం కానిస్టేబుల్ సెలక్షన్లు ఉండాయి. పరుగు, లాంగ్ జంపు. రాతపరీక్ష పాసయినా. ఒళ్ళు బాగుంటే ఉద్యోగం వచ్చినట్టే. మా నాయన మగ్గం గుంతలో కూర్చొని కూర్చొని నడుము పోగొట్టుకున్యాడు. నన్ను ఆ గుంతలోకి దిగనీయకన్నా."

ఎవరైనా నన్ను గుద్దవద్దని అడగడం అదే మొదటిసారి. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. సరే అని మాటిచ్చాను. కానీ కాయలు వొలుచుకుంటూ ఉంటే గుడ్ల మామ, టెంపో, జనం, మేనేజరు, చార్టు, వరసగా గుర్తొచ్చారు. "గుద్దనులే గానీ, గుద్దకపోతే వాళ్ళు ఒప్పుకోరే," అన్నాను.

గాలిపటం ఒక కాయ వొలిచి నోట్లో వేసుకున్నాడు. "అయితే గుద్దినట్టు చేయన్నా. నేనే పడతా. కానీ ఆట తేలిపోయినంక, కడాకు, ఆఖరి రైడ్‌లో. నా జట్టుకు నష్టం ఉండకూడదు."

ధర్మవరంలో దిగాక, జట్లు టిఫిన్‌కు పోతే మేమిద్దరం స్టేషన్ వెనక ఇసుక కుప్ప దగ్గరికి పోయాం. నేను భుజం ముందుకు తెస్తే తగలకుండానే అతను వెనక్కి ఎగరాలి. మొదటిసారి బాగానే పడ్డాడు. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ నాకు అది చాలలేదు. ఇంత చిన్నగా పడితే రోలర్ పరువేం కావాలి? "ఇంగా పైకి ఎగురప్పా," అన్నాను. ఎగిరాడు. "చాల్లేదు. నాది మామూలు దెబ్బ అనుకుంటారు. ఇంగా దూరం." ఎగిరాడు. "కూత ఆపాకు. పడేదాకా కూత వినపడితే అది నిజం దెబ్బ అంటారు." అదీ నేర్చుకున్నాడు. చివరికి అతను ఇసుకలో పడిన తీరు చూసి నా భుజం మీద నాకే గౌరవం కలిగింది. గుద్దించుకోబోయే వాణ్ణి నిలబెట్టి, నా గుద్దు ఎంత గొప్పదో పాఠం చెప్పిన మనిషిని నేనొక్కణ్ణే అయుంటాను.

ఆట మొదలైంది. పెనుకొండ మొదటి నుంచీ ముందుంది, గాలిపటం మా వాళ్ళను ఒక్కొక్కణ్ణి తాకి పోతున్నాడు. నేను మాటిచ్చినట్టే మడమల కోసం చూస్తూ పక్కకు తప్పుకుంటున్నాను. మా కెప్టెన్ మేస్త్రి (కట్టుబడి పని చేసేవాడు, కోపం వస్తే కోర్టును కూడా తాపీతో చదును చేసేట్టు చూసేవాడు) పళ్ళు కొరికాడు. "ఏందప్పా, వానికి దారిస్తాండావు? రోలర్‌లో డీజిల్ అయిపోయిందా?" బయట జనం తిడుతున్నారు. గుడ్ల మామ అయితే బతిమాలుతున్నాడు. "ఒక్కటి తోలప్పా. ఒక్కటి. టెంపో బాడిగన్నా గిట్టుబాటు కావాల గదా." ఆయన ట్రేలు మోసుకొని, నాకు బాగా కనపడేలా, గీత అంచుకే వచ్చి కూర్చున్నాడు. అది నేను చూశాను. చూసి కూడా, గాలిపటం ఎగరాల్సింది సరిగ్గా ఆ వైపుకేనన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఆఖరి రైడ్. పెనుకొండ గెలిచినట్టే. గాలిపటం కూత పెట్టుకుంటూ వచ్చి, నా ఎదురుగా నిలబడి, కళ్ళతో సరేనా అన్నాడు. నేను భుజం తెచ్చాను. అతనికీ నాకూ మధ్య ఒక చీర మడత పట్టేంత సందు ఉంది. అతను ఎగిరాడు. ఇసుక కుప్ప దగ్గర ఎగిరిన దానికంటే బాగా ఎగిరాడు. కూత ఆపకుండా గాల్లో తిరిగి వెళ్ళి గుడ్ల ట్రేల మీద దిగాడు. ఆ సొనలో కాలు జారింది. పడుతూ చెయ్యి కింద ఆనించాడు. ఆ చప్పుడు నాకు వినపడింది, ఇంకెవరికీ వినపడలేదు. అప్పటికే ఈలలు, కేకలు, మైకు. మా వాళ్ళు నన్ను భుజాల మీదకు ఎత్తేశారు. మేం ఫైనల్ ఓడిపోయామని మా ఊరివాళ్ళలో ఒక్కరికీ గుర్తున్నట్టు లేదు. పైనుంచి చూస్తే, ఒళ్ళంతా పచ్చసొనతో గాలిపటం మణికట్టు పట్టుకొని కూర్చొని ఉన్నాడు. పెదవులు ఇంకా కదులుతున్నాయి. కబడ్డీ, కబడ్డీ. నేను ఆపవద్దన్నాను కదా. గుడ్ల మామ ఏడుస్తూ నవ్వుతున్నాడు. "పోతే పోనీలేప్పా గుడ్లు. ఇట్లా దెబ్బ నా జన్మలో చూళ్ళేదు."

నేను దించమన్నాను. దించలేదు. అది నా తప్పు కాదు. కానీ దించిన తర్వాత, నేను కొట్టలేదయ్యా, వాడే పడ్డాడు అని అక్కడ ఒక్కమాట అనలేదు. అది నా తప్పే. నేను చెప్తే పిల్లవాడిని దొంగాట వాడు అంటారని మనసులో సర్దుకున్నాను. సోమవారం గేటు దగ్గర మేనేజరు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చినప్పుడు మాత్రం అసలు కారణం నా పగటి షిఫ్టేనని తెలిసింది. గాలిపటం కట్టు కట్టుకున్న చేత్తో సెలక్షన్లకు పోయాడు. లైన్లోంచే వెనక్కి పంపారు. ఆ తర్వాతి నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటింది. నేను ఆ ఫైనల్ తర్వాత మళ్ళీ కోర్టులో దిగలేదు. దానికి జనం చెప్పుకున్న కథ, తన భుజం ఎంత ప్రమాదమో తెలిసి రోలర్ ఒట్టు పెట్టుకున్నాడని. ఆట మానేసినా పేరు పెరిగింది. ఏం చేస్తే తగ్గుతుందో నాకు తెలియలేదు.

మొన్న మా ఆవిడ చీరలంటే ధర్మవరం వెళ్ళాం. గాలిపటం ఇప్పుడు మగ్గం గుంతలో లేడు. మేం వెళ్ళిన చీరల దుకాణం అతని మామగారిదే, అతనే చూసుకుంటున్నాడు. పొట్ట వచ్చింది, మణికట్టు కొంచెం వంకరగా ఉంది. మా ఆవిడ చీరల్లో మునిగాక నేను గొంతు తగ్గించి చెప్పాను, జరిగింది జరిగినట్టు రాసేస్తానని, ఇన్నేళ్ళు మోసి విసుగొచ్చిందని.

అతను కంగారుపడ్డాడు. "యాడి మాటన్నా అది? రోలర్ గుద్దితే విరిగిన చెయ్యి అని ఈ వీధంతా చెప్పుకుంటాండా. మా మామ పిల్లనిచ్చిందే ఆ పేరు జూసి. ఇప్పుడు ఊరికే ఎగిరి గుడ్ల మీద పడితి అంటే నా మర్యాదేం గావాల?"

"నీ ఉద్యోగం పోయింది గదప్పా, నా వల్ల."

చీర మడత పెట్టడం ఆపాడు. "పోయింది. కొన్నాళ్ళు నిన్ను బాగా తిట్టుకున్యాలే," అన్నాడు, నా వైపు చూడకుండా. తర్వాత మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టి అన్నాడు, "రాసుకో పో. ఎవరు నమ్ముతారు?"

అప్పుడే చీరలు చూస్తున్న ఒక పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకొని నన్నే చూస్తూ దగ్గరికి వచ్చాడు. "నువ్వు హిందూపురం రోలర్ గదూ? ఆ పొద్దు నేను ఆడనే ఉన్న్యా. ఒక్కసారి చూపీప్పా. మా కోడలు చూస్తుంది." నేను మోకాలి సంగతి చెప్పాను, షుగర్ సంగతి చెప్పాను. ఆయన వినలేదు. దుకాణంలో వాళ్ళంతా లేచారు, ఒకమ్మాయి ఫోను పైకెత్తింది. వీళ్ళకు ఇంకేమీ చెప్పి ప్రయోజనం లేదని ఆ మొహాలు చూస్తే తెలిసింది. నేను భుజాన్ని కాస్త ముందుకు పెట్టాను, అంతే. చీరలు కట్టి చూసుకునే నిలువుటద్దంలో ఒక లావుపాటి, బట్టతల మనిషి అలిసిపోయిన బస్సులా ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉన్నాడు. ఇతన్ని చూసి ఎవరు భయపడతారా అని నాకే నవ్వొచ్చింది.

ఇంతలో పక్కనుంచి సన్నగా వినపడింది. కబడ్డీ, కబడ్డీ. గాలిపటం పంచె ఎగగట్టి, నా ముందుకు వచ్చి, ఆ పొట్టతోనే వెనక్కి ఎగిరి, విప్పి పడేసిన పట్టుచీరల గుట్ట మీద వెల్లకిలా పడ్డాడు. కూత ఆపలేదు. జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన కోడలితో, "చూసినావా, అదే దెబ్బ," అన్నాడు. నేను ముందు అతని మణికట్టు చూశాను. బాగానే ఉంది. ఈసారి మెత్తటి చోటు చూసుకొనే పడ్డాడు. చెయ్యి ఇచ్చి లేపాను. లేపడానికి తప్ప, ఆనాడూ ఈనాడూ నేను అతన్ని ముట్టుకోలేదు.